అరటి కర

పోర్ట్‌బ్లెయిర్ శివారు గరాచర్మలో సుచరిత వాళ్ళ వీధిలో ఎవరి బట్ట మీద ఏ మరక పడినా ముందు ఆమె దగ్గరికే తీసుకొచ్చేవారు. స్కూలు చొక్కా జేబులో పెన్ను కారినా, పెళ్ళిభోజనంలో పట్టుచీర మీద పప్పుచారు ఒలికినా, కిటికీ ఊచల తుప్పు తెల్ల పంచెకి అంటినా, "సుచరిత దీదీని అడుగు, ఆవిడ చెప్తుంది" అనుకునేవారు. తెలుగువాళ్ళే కాదు, పక్కింటి బెంగాలీ వాళ్ళూ, ఎదురింటి తమిళం వాళ్ళూ వచ్చేవారు. ఆమె అందరికీ ఓపిగ్గా చెప్పేది. నెత్తురైతే చన్నీళ్ళలోనే నానబెట్టాలి, వేడినీళ్ళు తగిలితే ఇక బట్టని వదలదు. తుప్పుకి నిమ్మరసం, ఉప్పు, మధ్యాహ్నపు ఎండ. సిరాకి పుల్లమజ్జిగ. పసుపుకి సబ్బు రాసి ఎండలో పడేస్తే చాలు. పనసపాలు అంటుకుంటే ముందు కొబ్బరినూనె రాసి జిగురు కరిగించాలి, నీళ్ళు ఆ తర్వాతే.

సుచరిత తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి అండమాన్ వచ్చారు. ఆమె పుట్టింది పోర్ట్‌బ్లెయిర్‌లోనే. భర్త గోపీచంద్‌కి బజార్లో ఇనుప సామాన్ల దుకాణం. పిల్లలు లేరు. నలుగురూ వచ్చి అడిగే ఈ చిన్న విద్య ఆమెకి గొప్పగా ఉండేది. పైకి మాత్రం "ఆఁ, ఇందులో ఏముంది" అనేసేది.

ఆమె చేతికి లొంగని మరక ఒకటే. పెరట్లో గెల కోసేసిన అరటిచెట్టుని నరికి, కూరకి లోపలి దవ్వ తీద్దామని కూర్చుంటూ, చూసుకోకుండా నరికిన బోదె మీదే కూర్చుంది. బోదెలోంచి ఊరిన కర అప్పుడు నీళ్ళలాగే ఉంది. సాయంత్రానికి నైటీ వెనక అరచేయంత మేర గోధుమరంగు తేలింది. మర్నాటికి ఇంకా ముదిరింది. ఆ నైటీ వెన్నరంగుది, దాని మీద చిన్న చిన్న నీలం పూలు, మంచి నూలు బట్ట. ఆమె తమ్ముడు విశాఖ వెళ్ళినప్పుడు తెచ్చాడు. నాలుగుసార్లు కూడా తొడుక్కోలేదు. కిరసనాయిలు, నిమ్మకాయ, బ్లీచింగు పొడి, అన్నీ అయ్యాయి. తడిగా ఉన్నప్పుడు పోయినట్టే ఉండేది, ఆరితే మళ్ళీ తేలేది. చూసినవాళ్ళెవరైనా పాత నెత్తురు మరకే అనుకుంటారు. బీరువా అడుగున పడేసింది. రెండేళ్ళు అక్కడే ఉంది.

సునామీ వచ్చిన ఆ డిసెంబరు ఆదివారం పొద్దున్న భూమి కదిలింది. వంటింట్లో అరలమీది డబ్బాలన్నీ కిందపడ్డాయి. గోడ ఒకటి పైనుంచి కింది దాకా పగిలింది. వీళ్ళ ఇల్లు కాస్త మెరక మీద ఉండబట్టి అంతటితో సరిపోయింది. సిప్పీఘాట్ వైపు పొలాల్లోకి సముద్రం వచ్చి, మళ్ళీ వెనక్కి పోలేదు. రెండో రోజు నుంచి ఓడలు మనుషుల్ని తెచ్చి దించడం మొదలెట్టాయి. కార్ నికోబార్ నుంచి, హట్‌బే నుంచి, పేర్లు కూడా వినని దీవుల నుంచి. కట్టుబట్టలతో వచ్చినవాళ్ళు కొందరైతే, ఆ బట్టలు కూడా సరిగ్గా లేనివాళ్ళు కొందరు. స్కూళ్ళన్నీ క్యాంపులైపోయాయి.

నాలుగో రోజు పక్కవీధి నూకరత్నం ఒక వ్యాను మాట్లాడుకుని ఇంటింటికీ వచ్చింది. ఆమెది పెద్ద గొంతు, పెద్ద మనసు. అప్పటికే రెండు రోజులుగా ఒక క్యాంపులో వంట పనికి వెళ్తోంది.

"ఉన్నవాళ్ళు తలో సంచీ ఇయ్యండి వొదినా. ఆడాళ్ళకే ఎక్కువ ఇబ్బందిగా ఉంది. నైటీలు, చీరలు, లంగాలు, ఏవైనా సరే" అంది.

సుచరిత లోపలికెళ్ళి బీరువా తీసింది. నాలుగు చీరలు పెట్టింది, రెండు లంగాలు పెట్టింది, గోపీచంద్ చొక్కాలు మూడు పెట్టింది. సంచీ ఇంకా వెలితిగానే కనబడింది. అప్పుడు అడుగునున్న ఆ నైటీ చేతికి తగిలింది. తీసి పట్టుకుని కాసేపు నిలబడింది. ఒంటి మీద గుడ్డ లేనివాళ్ళు మరక చూస్తారా అనుకుంది. అలా అనుకున్నాక కూడా చెయ్యి ముందుకి రాలేదు. బయట వ్యాను హారన్ కొట్టింది. ఇస్త్రీపెట్టె ఆ పొద్దున్న వాడింది ఇంకా వేడిగానే ఉంది. నైటీని చాపి, మరక లోపలికి వచ్చేలా మడత పెట్టి, పైన ఇస్త్రీ తోసి, చీరల మధ్యలో పెట్టేసింది.

"ఇస్త్రీ చేసి మరీ ఇస్తన్నావు వొదినా. నీలాంటోళ్ళు పదిమందుంటే చాలు" అంది నూకరత్నం సంచీ అందుకుంటూ.

సుచరిత నవ్వింది.

జనవరి రెండో వారంలో నూకరత్నమే మళ్ళీ వచ్చింది. ఈసారి సంచీ కోసం కాదు. మెయిన్‌లాండ్ నుంచి ఓడలో బట్టల మూటలు వచ్చాయట. విప్పి చూస్తే సగం మురికివీ మరకలవీ. తుప్పు, గ్రీజు, పసుపు, ఏవేవో. పారెయ్యడానికి మనసొప్పదు, అలాగే పంచడానికీ మనసొప్పదు.

"నువ్వొచ్చి ఒక్కపూట ఆడాళ్ళకి చూపించు. ఆళ్ళకి చేతిలో పని కావాలి. ఉత్తినే కూర్చుంటే ఏడుస్తన్నారు" అంది.

సుచరిత ఒక సంచీ నిండా నిమ్మకాయలు, ఉప్పు, సబ్బులు, కొబ్బరినూనె సీసా పట్టుకుని వెళ్ళింది. ఆ క్యాంపు ఊళ్ళోనే ఒక స్కూల్లో ఉంది. బెంచీలన్నీ బయట పేర్చి, గదుల్లో చాపలు పరిచారు. వెనక వరండాలో వంట. దాని పక్కన కొళాయిలు. అక్కడ ముప్పై మంది ఆడవాళ్ళు చుట్టూ చేరారు, ఎక్కువమంది హట్‌బే నుంచి వచ్చిన తెలుగువాళ్ళే. సుచరిత ఒక్కొక్క బట్టా తీసి, ఇది ఫలానా మరక అని చెప్పి, హిందీ తెలుగూ కలిపి మందు చెబుతుంటే వాళ్ళు బట్టలు పంచుకున్నారు. రెండు గంటలు గడిచేసరికి తాళ్ళ నిండా బట్టలు ఆరుతున్నాయి. ఎవరో నవ్వారు కూడా. అది విని నూకరత్నం కళ్ళు తుడుచుకుంది.

వంటంతా చూసుకునేది యర్రమ్మ అనే ముసలామె. కొడుకునీ కోడలినీ పోగొట్టుకుంది. రోజంతా పొయ్యి దగ్గరే ఉండేది. ఆమె వచ్చి ఒక చీర పట్టుకుని అడిగింది.

"ఇది నెత్తురులాగుందమ్మా. పోద్దా?"

"పాతదమ్మా. ఎవరో వేడినీళ్ళలో ఉతికేశారు. ఇలా ముదిరిన నెత్తురు నేను కూడా తీయలేను" అంది సుచరిత.

యర్రమ్మ తలూపి, కొళాయిల చివరకి ఒకసారి చూసి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

సుచరిత కూడా అటు చూసింది. అక్కడ గోడకి వీపు ఆనించి ఒక మనిషి విడిగా కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. నడుం చుట్టూ తువ్వాలు బిగించుకుంది. తువ్వాలు కింద వెన్నరంగు బట్ట. దాని మీద చిన్న చిన్న నీలం పూలు.

సుచరిత చేతిలో నిమ్మచెక్క అలాగే ఉండిపోయింది.

"ఆమెవరు?" అని నూకరత్నాన్ని మెల్లగా అడిగింది.

"సీతాలు అంటారు. మొగుడు లక్ష్ముడు, హట్‌బే జెట్టీలో కూలీ. ఆ పొద్దున్న బజారుకెళ్ళినోడు ఇంకా దొరకలేదు. ఈమె కొండెక్కి బతికింది." నూకరత్నం గొంతు ఇంకా తగ్గించింది. "బయటున్నట్టుంది వొదినా. పది రోజులైనా ఆగలేదట. ఏదో జబ్బని అనుకుంటన్నారు. యర్రమ్మ పొయ్యి దగ్గరికి రానివ్వట్లేదు. రాత్రి పక్కన కూడా ఎవరూ పడుకోరు."

సుచరిత నిమ్మచెక్కతో ముందున్న చొక్కాని రుద్దడం మొదలెట్టింది. 

అందరూ అన్నాలకి లేచాక సీతాలే వచ్చింది. గోడవారగా, ఎవరికీ వెనక్కి తిరగకుండా నడిచి వచ్చింది.

"దీదీ, ఇది పోద్దేటి?" అని తువ్వాలు కొంచెం పక్కకి తీసి చూపించింది.

సుచరిత వంగి చూసింది. చూడాల్సిన పని లేదు. ఆ మరక అంచులు ఎక్కడెక్కడ వంపు తిరుగుతాయో ఆమెకి కంఠతా వచ్చు.

"ఏం మరకో మరి" అంది.

"అరటి కరలాగుంది. మా ఆయన ఇంటెనకాల అరటిచెట్లు పెంచీవోడు, నాకు తెలుసు. నాను బయటున్నదాన్ని కాదు దీదీ. ఇచ్చిన మర్నాడు తెల్లారగట్ల సీకట్లోనే తొడుక్కున్నాను. పాలకి లైన్లో నిలబడ్డాను. ఎనకాల ఉన్న ఆడాళ్ళందరూ చూసేరు, నాకు తెలీదు. తెలిసీసరికి అందరి నోళ్ళలోనూ ఉంది. ఇలాగే వచ్చింది ఇది అని చెప్తే నమ్మరు. తువ్వాలు కట్టుకుంటే ఇంకా అనుమానం." ఆమె ఎక్కడా గొంతు పెంచలేదు. "వంటలోకి రానిస్తే చాలు. చేతికి పని లేకపోతే ఆయనే కనబడతాడు."

సుచరిత నోరు తెరిచింది. ఆ క్షణంలో చెప్పెయ్యాలనే అనుకుంది.

"ఇచ్చినవాళ్ళు..." అని ఆగిపోయింది.

"ఆళ్ళనేటంటాను దీదీ. చూసుండరు. చూసి ఇస్తారా ఎవరైనా?" అంది సీతాలు.

 సుచరిత దాన్ని ఇంటికి తీసుకెళ్ళి ప్రయత్నిస్తానంది. అప్పటికి తొడుక్కోవడానికి నూకరత్నం ఇంకో నైటీ తెచ్చి ఇచ్చింది. సీతాలు గదిలోకి వెళ్ళి మార్చుకుని, దీన్ని మడిచి తెచ్చింది.

"ఈ మరక పోతే ఆళ్ళకి చూపిస్తాను. అప్పుడు నమ్ముతారు" అంది.

మర్నాడు మధ్యాహ్నం గోపీచంద్ భోజనానికి వచ్చేసరికి పెరట్లో బకెట్ల మధ్య సుచరిత కూర్చుని ఉంది. నిమ్మకాయతో మొదలుపెట్టి, అన్నీ మళ్ళీ మొదటి నుంచీ చేసి చూసింది. వేళ్ళు నానిపోయాయి. గోపీచంద్ ఆగి చూశాడు.

"అది నీదే కదూ? మీ తమ్ముడు తెచ్చింది."

"ఊఁ."

"మళ్ళీ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఆమె చెప్పింది. మడత సంగతి తప్ప అంతా చెప్పింది. అతను చెప్పులు విప్పుతూ విన్నాడు.

"ఆ మరకతోనే ఇచ్చావా?" అన్నాడు. కోపంగా అనలేదు. ఆ సంగతి సరిగ్గా తెలుసుకుందామన్నట్టు అడిగాడు. ఆమెకి అదే బాధగా ఉంది. "పోనీ, ఆవిడకి చెప్పావా?"

"చెప్తే ఏం లాభం? రంగు వేసి ఇచ్చేస్తాను. కొత్తదానిలా ఉంటుంది."

 గోపీచంద్ అన్నం తిని దుకాణానికి వెళ్ళిపోయాడు.

సుచరిత బజారుకెళ్ళి మెరూన్ రంగు పొట్లం కొనుక్కొచ్చింది. పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి, ఉప్పు వేసి, రంగు కలిపి, నైటీ ముంచి కర్రతో తిప్పింది. వెన్నరంగు పోయింది. నీలం పూలు నల్లగా మారాయి. ఆరాక చూస్తే నిజంగానే బాగుంది. మరక ఉన్నచోట రంగు ఒక్క పిసరు ముదురుగా ఉంది కాని, తెలిసినవాళ్ళు వెతికితే తప్ప కనబడదు. ఆమెకి గుండె తేలికపడింది. ఇస్త్రీ చెయ్యబోయి, ఎందుకో మానేసి, అలాగే చుట్టి సంచీలో పెట్టుకుంది.

క్యాంపులో సీతాలు దాన్ని విప్పి అటూ ఇటూ తిప్పి చూసింది.

"తీయడం కుదరలేదా దీదీ?"

"కుదరలేదమ్మా. ఇలాగైతే కనబడదు కదా."

"మంచిదే" అని తీసుకుంది సీతాలు. తొడుక్కుని, తువ్వాలు లేకుండా, పది రోజుల తర్వాత మొదటిసారి వీపు కనబడేలా వరండాలో నడిచి వంట దగ్గరికి వెళ్ళింది. సుచరిత కొళాయి దగ్గర నిలబడి చూస్తోంది. నూకరత్నం బియ్యం కడుగుతోంది.

యర్రమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండానే చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కడే ఉండు."

"మరక లేదు పెద్దమ్మా. చూడు."

"రంగేయించుకుంటే లేనట్టేనా?" యర్రమ్మ సుచరిత వైపు తిరిగింది. "నిమ్మకాయకి పోనిదీ, సబ్బుకి పోనిదీ ఏ మరకమ్మా? ముదిరిన నెత్తురు నాను కూడా తీయలేనని నువ్వే చెప్పేవు గదా. వందమందికి వండీ చోటు ఇది. పిల్లలు తింటారు. దాచుకుని రమ్మంటే ఎలాగ?"

కూరగాయల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు చేతులు ఆపారు. ఒకామె తలూపింది. సీతాలు అక్కడే నిలబడిపోయింది. ముందుకి వెళ్ళలేదు, వెనక్కీ రాలేదు. ఆమె చేతులు నడుం దగ్గర లేని తువ్వాలు కోసం తడుముకున్నాయి.

 సుచరిత సంచీ పట్టుకుని మెల్లగా గేటు దాటి బస్సెక్కెయ్యొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. కాలు కూడా ఒకడుగు అటే పడింది. కాని నూకరత్నం ఆమెనే చూస్తోంది, ఏదో ఒకటి చెప్పు వొదినా అన్నట్టు, ఆ నమ్మకంతోనే.

"అది నెత్తురు కాదు" అంది సుచరిత. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అంది. "నెత్తురు కాదమ్మా. అరటి కర."

"నీకెలా తెలుసు?" అంది యర్రమ్మ. "మొన్న సీతాలు అడిగితే ఏం మరకో అన్నావట."

"ఎందుకంటే ఆ నైటీ నాది."

ఎవరికీ అర్థం కాలేదు. సుచరిత నేల చూస్తూ చెప్పింది. చెబుతున్నకొద్దీ మాటలు చిన్నవైపోయాయి. రెండేళ్ళ కిందట పెరట్లో అరటిబోదె మీద కూర్చున్నాననీ, ఏం చేసినా పోలేదనీ, పోదని తెలిసే సంచీలో వేశాననీ చెప్పింది. అక్కడితో ఆగితే సరిపోయేది. కాని భర్తకి చెప్పకుండా దాచింది కూడా నోట్లోకి వచ్చేసింది.

"మరక లోపలికి పెట్టి మడిచాను. కనబడకుండా ఇస్త్రీ చేసి ఇచ్చాను. సీతాలు తప్పేమీ లేదు. ఆమె మొదటి నుంచీ నిజమే చెప్పింది."

గుండిగలో ఎసరు మరుగుతోంది. నూకరత్నం చేతిలోంచి బియ్యం నీళ్ళు చీర మీదికి కారుతున్నాయి. ఆమె చూసుకోలేదు.

యర్రమ్మ సుచరిత వైపు చూసింది. తిడుతుందేమో అనుకుంది సుచరిత. తిట్టినా బాగుండేది.

"మొన్న మొన్నటి దాకా మాకూ బీరువాలుండీవమ్మా" అంది యర్రమ్మ.

తర్వాత సీతాలు వైపు తిరిగి, "రా. ఆ దోసకాయలు తరుగు. చేదు చూసి మరీ తరుగు" అంది. క్షమించమని అడగలేదు. జరిగి, తన పక్కనే పీట వేసింది.

సుచరిత సంచీ తీసుకుని గేటు దాకా వచ్చేసరికి వెనక నుంచి అడుగుల చప్పుడు వినబడింది. సీతాలు కత్తిపీట దగ్గర నుంచి లేచి వచ్చింది. చేతికి దోసకాయ తడి.

"ఒక్క మాట దీదీ. చూసి ఇస్తారా ఎవరైనా అని ఆ రోజు నీ ముందరే అన్నాను గదా. అప్పుడు చెప్పలేకపోయావేటి?"

"సిగ్గేసింది."

సీతాలు చేతి తడిని నైటీకి తుడుచుకుంది.

"నాకూ సిగ్గే దీదీ. పది రోజులు" అంది. "ఇచ్చినప్పుడే ఒక ముక్క చెప్పుంటే, అతుకేసుకుని తొడుక్కుందును. మరకదైనా వద్దనీదాన్ని కాదు. నాకింకోటి లేదు గదా."

సుచరిత ఏదో చెప్పబోయింది. సీతాలు అప్పటికే వెనక్కి తిరిగింది. మెరూన్ నైటీలో తల వంచకుండా నడిచి వెళ్ళి, యర్రమ్మ పక్కన కూర్చుంది.

నూకరత్నం మూడు వారాలు గరాచర్మ వీధిలో సుచరితని చూసి తల తిప్పుకుంది. తర్వాత ఒకరోజు తనే మాట్లాడింది. "నీ సంచీ అలాగే మోసుకెళ్ళి నా చేత్తోనే ఇచ్చేను వొదినా ఆమెకి" అంది.  సంగతి వీధిలో పాకింది. మరకల కోసం వచ్చేవాళ్ళు తగ్గారు, కొన్నాళ్ళకి మళ్ళీ రాసాగారు. సుచరిత చెప్పేది, కాని ముందులా సరదాగా చెప్పేది కాదు. ఎవరైనా "నీకు తెలియనిది లేదు దీదీ" అంటే లేచి లోపలికి పోయేది.

ఏప్రిల్‌లో హట్‌బేలో రేకుల షెడ్లు కట్టారని, అక్కడివాళ్ళని ఓడలో తిరిగి పంపిస్తున్నారని తెలిసింది. సుచరిత కొత్త బట్టలు కొంది. రెండు నైటీలు, రెండు చీరలు, ఒక దుప్పటి. ఫీనిక్స్ బే జెట్టీకి వెళ్ళి, ఎండలో సామాన్ల మధ్య నిలబడ్డ సీతాలుని వెతికి పట్టుకుని మూట అందించింది.

సీతాలు మూట కింద పెట్టి విప్పింది. ఒక్కొక్క బట్టా తీసి, రెండు చేతులతో చాపి, ముందు చూసి, తిప్పి వెనక చూసి, మళ్ళీ మడిచి పక్కన పెట్టింది. చుట్టూ జనం ఉన్నారు. యర్రమ్మ ఉంది. పోలీసతను లైన్లోకి రమ్మంటున్నాడు. సీతాలు తొందరపడలేదు. దుప్పటి కూడా పూర్తిగా విప్పి నాలుగు మూలలూ చూసింది. కావాలని చేస్తున్నట్టు లేదు. ఇకమీద అలా చూసుకోకుండా దేన్నీ తొడుక్కోలేని మనిషిలా ఉంది. సుచరిత అంతసేపూ ఎదురుగా నిలబడే ఉంది. పక్కకి చూడటానికి కూడా ధైర్యం చాలలేదు.

"బాగున్నాయి దీదీ. ఉంటాను" అని సీతాలు మూట ముడి వేసుకుని ఓడ వైపు వెళ్ళింది.

లక్ష్ముడు దొరకలేదు. రెండేళ్ళ తర్వాత నూకరత్నం చుట్టాల పెళ్ళికని హట్‌బే వెళ్ళి వచ్చింది. సీతాలు అక్కడ చిన్నపిల్లల బడిలో వంట చేస్తోందట. షెడ్డు వెనక కూరపాదులు పెట్టిందట. యర్రమ్మని తన దగ్గరే ఉంచుకుందట. ఇవన్నీ నూకరత్నం వంటింటి గడప మీద కూర్చుని, టీ తాగుతూ చెప్పింది.

సుచరిత అన్నీ విని, చివరికి అడిగింది.

"నా గురించి ఏమైనా అడిగిందా?"

నూకరత్నం గ్లాసు కింద పెట్టింది. అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు.

"లేదు వొదినా. నానే చెప్పబోయేను. పిల్లలకి అన్నం టైమైంది అనీసి లేచిపోయింది."

సుచరిత తలూపి, ఖాళీ గ్లాసు తీసుకుని కడగడానికి కొళాయి దగ్గరికి వెళ్ళింది.